నమ్ముదాం, పరీక్షిద్దాం కూడా

పోయిన క్రిస్మస్ మరుసటి రోజు కేజీఎఫ్‌లో మా పాత ఇంట్లో అందరం కూడినాం. బెంగళూరు, హోసూరు, చిత్తూరు, మద్రాసు నుంచి వచ్చినవాళ్లతో ఇల్లు నిండిపోయింది. రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక మామూలుగానే సాక్ష్యాలు మొదలైనాయి. ఒకరికి మోకాళ్ల నొప్పి తగ్గింది. ఒకరికి రెండుసార్లు తిప్పి పంపిన లోను మూడోసారి మంజూరైంది. ఇంకొకరికి కలలో ఒక వాక్యం కనబడింది, మరుసటి ఆదివారం పాస్టరయ్య అదే వాక్యం మీద ప్రసంగించినాడు. ప్రతి సాక్ష్యానికీ అందరం "స్తోత్రం" అన్నాం.

మా అక్క కూతురు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. నా పక్కనే కూర్చుని మెల్లగా అడిగింది: "మామా, నువ్వు టెస్టర్‌వి కదా. ఆఫీసులో ఎవరేం చెప్పినా ఊరికే నమ్మవు కదా. ఇక్కడ మాత్రం అన్నింటికీ స్తోత్రం అంటావే, నిజంగా నమ్ముతావా?"

నేను నవ్వి దాని ప్లేటులో ఇంకో కజ్జికాయ వేసినా. జవాబు మాత్రం చెప్పలేదు, ఎందుకంటే ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. రెండు నెలలు ఆలోచించి ఇప్పుడు రాస్తున్నా. నేను పదో తరగతి దాకా కన్నడ మీడియంలో చదివినవాణ్ని. నా తెలుగు ఇంట్లో విన్నది, తర్వాత బైబిలు చూసి నేర్చుకున్నది. మధ్యలో కన్నడం తొంగిచూస్తే మనవాళ్లే కదా, సర్దుకోండి.

ముందు మా అవ్వ సంగతి చెప్పాలి. అవ్వ అంటే మా నాయన తల్లి. మా తాత ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేసేవాడు. 3 కిలోమీటర్లకు పైగా లోతు పోయిన గని అది. కేజీలో దిగి పనిచేసి, షిఫ్టు అయ్యాక మళ్లీ అదే కేజీలో పైకి రావాలి. లోపలి ఒత్తిడికి రాయి ఒక్కసారిగా పేలిపోయేది. రాక్ బరస్ట్ అనేవాళ్లు. పైన గని లైన్లలో ఇళ్లు అదిరేవి, గిన్నెలు కదిలేవి. అలా గిన్నెలు కదిలినాయంటే ఆడవాళ్లంతా ఉన్నదున్నట్టు వదిలేసి షాఫ్టు వైపు పరిగెత్తేవాళ్లట.

ఒకసారి తాత రాత్రి షిఫ్టులో ఉండగా అవ్వకు ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. ఎందుకో గుండె దడదడలాడింది. లేచి మోకాళ్లూని ప్రార్థన చేసింది. చేస్తుండగానే ఇల్లు అదిరింది. తాత పనిచేసే చోటే బరస్ట్ అయింది. ఆయన అంతకు కొంచెం ముందే ఏదో సామాను తేవడానికి ఇంకో పక్కకు పోయినాడు, బతికినాడు. ఆయనతో ఉన్న ఇద్దరు పోయినారు.

మా ఇంట్లో ఈ కథ వినని పిల్లలు లేరు. చిన్నప్పుడు నాకూ అది గొప్ప అద్భుతమే. పదహారేళ్లొచ్చాక ఒకసారి అవ్వను అడిగినా: "అవ్వా, పోయినోళ్ల పెండ్లాలు కూడా ప్రార్థన చేసేవాళ్లే కదా. వాళ్ల ప్రార్థన యాల వినలేదు దేవుడు?"

తిడుతుందేమో అనుకున్నా. అవ్వ కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "నాకు తెలీదురా నాయనా. దేవుడు నన్ను లేపినాడు, అది నాకు తెలుసు. ఆయమ్మల్ని యాల లేపలేదో తెలీదు. ఆ నెలంతా పొద్దుగూకితే ఆ రెండిండ్లకు పోయి కూర్చుంటి. అంతే నేను చేసింది."

ఆ మాట విలువ నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. తనకు జరిగింది తాను కాదనలేదు. దానితో పక్కింటివాళ్ల దుఃఖాన్ని కొట్టిపారేయనూ లేదు.

అదే తాత తర్వాత సిలికోసిస్‌తో పోయినాడు. ఏళ్ల తరబడి పీల్చిన రాతి దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసింది. అవ్వ ఆయన కోసమూ ప్రార్థన చేసింది, సంఘమంతా చేసింది. స్వస్థత రాలేదు. ఈ రెండో కథను మేము సాక్ష్యాల్లో చెప్పుకోం. నా వాదనంతా ఇక్కడినుంచే మొదలవుతుంది. మొదటి కథను మాత్రమే చెప్పుకునే ఇంట్లో పిల్లలకు ఏదో ఒక రోజు రెండోది తెలుస్తుంది. ఆ రోజు మొదటిదాన్ని కూడా నమ్మడం మానేస్తారు.

నేను కూడా కొన్నేళ్లు మానేసినా.

కారణం మా చిన్నాయన. ఆయనకు చాలాకాలంగా షుగరు, రోజూ ఇన్సులిన్ వేసుకునేవాడు. ఒక స్వస్థత కూటానికి పోయినాడు. ఎవరి కూటం, ఎక్కడ అన్నది ఇక్కడ అనవసరం. వేదిక మీదనుంచి ఆ బోధకుడు, ఇక్కడ ఒకరికి షుగరు పోయింది, ఇంటికి పోయి సూదులు పారేయాలని ప్రకటించినాడు. అది తనకే అనుకున్నాడు చిన్నాయన. పారేసినాడు. మాలో ఎవరికీ చెప్పలేదు, చెబితే అవిశ్వాసం అవుతుందని. కాలికి చిన్న పుండు పడింది, మానలేదు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. ఆయనను చూడడానికి ఆ కూటం తరఫున ఒకరు వచ్చి, "విశ్వాసం పూర్తిగా ఉండుంటే ఇలా అయ్యేది కాదు" అని చెప్పి పోయినారు. వేళ్లు పోయినప్పుడు ఏడవని చిన్నాయన ఆ మాటకు ఏడ్చినాడు.

దాని తర్వాత దాదాపు నాలుగేళ్లు నేను గుడికి అలవాటుగా పోయినా, అంతే. ప్రార్థనలో కళ్లు మూసుకునేవాణ్ని, లోపల ఏమీ ఎదురుచూసేవాణ్ని కాదు. దేవుడున్నాడని ఒప్పుకుంటా, కానీ మంగళవారం మధ్యాహ్నం నా పనిలో ఆయన ఏమైనా చేస్తాడంటే ఒప్పుకోను. అదీ అప్పటి నా విశ్వాసం. చదువుకుని ఉద్యోగాల్లో ఉన్న మన తరంలో చాలామంది ఇక్కడే ఉన్నారని నా అనుమానం. బయటికి చెప్పం.

ఇది ఎంత పాత జబ్బో అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో ఉంది. పేతురు చెరసాలలో ఉంటే సంఘం ఒకచోట చేరి ఆయన కోసం ప్రార్థన చేస్తోంది. ఆయన విడుదలై వచ్చి అదే ఇంటి తలుపు తట్టినాడు. రొదే అనే చిన్నది గొంతు గుర్తుపట్టి లోపలికి పరిగెత్తి చెబితే, ప్రార్థన చేస్తున్నవాళ్లే ఆ పిల్లకు పిచ్చిపట్టిందన్నారు. జవాబు బయట నిలబడి తలుపు తడుతుంటే లోపల వీళ్లు ప్రార్థన కొనసాగిస్తున్నారు. నాకు ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నవ్వొస్తుంది, వెంటనే సిగ్గూ వేస్తుంది.

ఇలా తలుపు మూసుకుంటే ఏమవుతుందో మన తెలుగు నేలమీదనే పుట్టిన ఒకాయన బాగా వివరించినాడు. పాల్ హీబర్ట్ 1932లో షంషాబాదులో మిషనరీల ఇంట్లో పుట్టినాడు. తానూ మిషనరీగా మహబూబ్‌నగర్ ప్రాంతంలో పనిచేసి, తర్వాత మానవశాస్త్రం ప్రొఫెసర్ అయినాడు. 1982లో ఆయన రాసిన ఒక వ్యాసం మిషను పనిలో ఉన్నవాళ్లంతా ఇప్పటికీ చదువుతారు. అందులో సారం నా మాటల్లో ఇది. పాశ్చాత్యుల ఆలోచన రెండు అంతస్తుల ఇల్లు. పైన దేవుడు, పరలోకం, నిత్యజీవం. కింద సైన్సు, మందులు, ఎరువులు. మన పల్లెవాళ్లకు మధ్యలో ఇంకో అంతస్తు ఉంటుంది. బిడ్డ రాత్రిళ్లు ఎందుకు ఉలిక్కిపడుతోంది? ఆవు ఎందుకు చచ్చిపోయింది? ఈ సంబంధం కుదుర్చుకోవాలా వద్దా? దిష్టి, దయ్యం, చేతబడి, శకునం, అన్నీ ఈ నడుమ అంతస్తులోవే. మిషనరీల దగ్గర ఈ అంతస్తుకు జవాబులు లేవు. అందుకని కొత్త క్రైస్తవులు పరలోకం సంగతికి పాస్టరు దగ్గరికీ, బిడ్డ ఉలిక్కిపడితే మంత్రగాడి దగ్గరికీ పోయినారు.

ఇది చదివినప్పుడు నాకు మా ఇల్లే కనబడింది. నాకు ఐదేళ్లప్పుడు జ్వరం తగ్గకపోతే మా ఇంట్లోనే ఒకరు అవ్వకు తెలియకుండా నా మొలతాడుకు తాయెత్తు కట్టినారు. పైన చొక్కా, లోపల తాయెత్తు, ఆదివారం గుళ్లో బాలల పాట. మీ ఇళ్లల్లో ఇలాంటివి లేవంటే నేను నమ్మను. దేవుణ్ని నడుమ అంతస్తులోకి రానివ్వకపోతే ఆ అంతస్తు ఖాళీగా ఉండదు, ఎవరో ఒకరు కాపురం పెడతారు. ఒకప్పుడు మంత్రగాడు. ఇప్పుడు ఫోనులోకి వచ్చే ఫార్వర్డు: ఈ ప్రార్థన పదకొండు మందికి పంపితే శుభవార్త, పంపకపోతే కీడు.

హీబర్టే ఇంకో అనుభవం రాసుకున్నాడు. ఆ ప్రాంతంలో ఒక పల్లెకు మశూచి వచ్చింది. మైసమ్మకు కోపం వచ్చిందని, దున్నపోతును బలివ్వాలని పెద్దలు ఇంటింటికీ చందా వేసినారు. క్రైస్తవులు ఇవ్వమన్నారు. ఊరు వాళ్లను బావి దగ్గరికి రానివ్వలేదు, అంగట్లో సరుకు ఇవ్వలేదు. చివరికి ఒక క్రైస్తవ పిల్లకే మశూచి సోకింది. సంఘపెద్ద ఒకాయన ఎంతో దూరం నడిచి హీబర్ట్ దగ్గరికొచ్చి ప్రార్థన చేయమన్నాడు. ఊరంతా చూస్తోంది. హీబర్ట్ మోకాళ్లూనినాడు, కానీ లోపలంతా కలవరమే. తర్వాత కొద్దిరోజులకు ఆ పెద్ద మళ్లీ వచ్చి పిల్ల చనిపోయిందని చెప్పినాడు. హీబర్ట్ ఓడిపోయాననుకున్నాడు. ఆ పెద్దాయన మాత్రం అలా అనుకోలేదు. పిల్ల బాగై ఉంటే ఊరు దేవుని శక్తిని ఒప్పుకొనేదే, కానీ ఆ పిల్ల ఎప్పటికైనా ఒకరోజు పోవాల్సిందే. సమాధి దగ్గర మాకున్న పునరుత్థాన నిరీక్షణ చూసి మరణంమీదనే గెలుపు ఉందని ఊరు తెలుసుకుంది, అదింకా పెద్దది అన్నాడట.

ఆ పెద్దాయన మాట, మా అవ్వ మాట ఒకే బావిలో నీళ్లు. అడగడం మానలేదు. రానిదాన్ని వచ్చిందని చెప్పలేదు. రాలేదని నమ్మకమూ వదల్లేదు.

ఇక్కడొక మాట గురించి చెప్పాలి. కన్నడంలో అద్భుతాన్ని పవాడ అంటారు. ఐదో తరగతిలో బళ్లోంచి వచ్చి, మా పాఠంలో ఒక మహానుభావుడు పవాడ చేసినాడని అవ్వకు చెబితే, "మగోడికి పావడా ఏందిరా?" అని పగలబడి నవ్వింది. నవ్వు అయ్యాక, పవాడ అంటే అద్భుతమని నేను చెబితే, "బైబిల్లో ఇంకో మాట ఉందిలే, సూచక క్రియ" అంది. అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే పెద్ద తేడా ఉంది. పవాడ అంటే చేసినవాడి గొప్ప మన కంటికి కనబడుతుంది. సూచక క్రియ అంటే సూచించేది, రోడ్డుపక్క బోర్డు లాంటిది. కోలారుకు దారి అని బోర్డుంటే దాని కిందనే నిలబడిపోం కదా, అది చూపించే వైపు పోతాం. ఏ అద్భుతం చూసినా, అది ఎవరి వైపు చూపిస్తోందని అడగాలి. వేదిక మీదున్నాయన వైపా, ఆయన ఖాతా నంబరు వైపా, ప్రభువు వైపా?

ఇప్పుడు నా పని సంగతి. టెస్టర్ అంటే నమ్మనివాడు అనుకుంటుంది నా మేనకోడలు. కాదు. మా దగ్గర ఒక రకం బగ్గు ఉంటుంది. ఒక్కసారి వస్తుంది, మళ్లీ ఎంత ప్రయత్నించినా రాదు. కొత్తగా చేరినవాళ్లు "మళ్లీ రావట్లేదు కాబట్టి అది లేదు" అని మూసేస్తారు. అనుభవం ఉన్నవాళ్లు అలా చేయరు. ఎప్పుడు వచ్చింది, అప్పుడు ఏం జరుగుతోంది, ఎవరు చూసినారు అని రాసిపెట్టి తెరిచే ఉంచుతారు. మళ్లీ చేసి చూపించలేకపోవడం వేరు, జరగలేదనడం వేరు. అవ్వకు ఆ రాత్రి మెలకువ వచ్చింది. దాన్ని నేను మళ్లీ రప్పించి చూపించలేను. అందుకని కొట్టిపారేయను కూడా.

ఈ పోలికను ఇంకా లాగకూడదని నాకు తెలుసు. సాఫ్ట్‌వేర్‌కు ఒకే ఇన్‌పుట్ ఇస్తే ఒకే జవాబు రావాలి. ప్రార్థన అలాంటిది కాదు. అది ఒక మనిషి తండ్రిని అడగడం. తండ్రి అవుననొచ్చు, కాదనొచ్చు, ఇప్పుడు కాదనొచ్చు. పరీక్షించాల్సింది దేవుణ్ని కాదు. దేవుడు చెప్పినాడని, చేసినాడని మనం చెప్పేదాన్ని. థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి: ఆత్మను ఆర్పవద్దనీ, అన్నింటినీ పరీక్షించి మంచిదాన్ని పట్టుకోమనీ. మొదటిదాన్ని మాత్రమే చదివేవాళ్లు కొందరు, రెండోదాన్ని మాత్రమే చదివే నాలాంటివాళ్లు కొందరు.

మరి ఎంత పరీక్షించాలి? దీనికి మా పనిలో ఒక పద్ధతి ఉంది. తప్పయితే నష్టం ఎంత, ఎవరికి? నష్టం చిన్నదైతే పరీక్ష చిన్నది. నష్టం పెద్దదైతే పరీక్ష కూడా అంత పెద్దది. బటన్ రంగు మారితే ఒకసారి చూసి వదిలేస్తాం, డబ్బు కట్టే చోట వంద సార్లు చూస్తాం.

చిన్న ఉదాహరణ. నేను మారికుప్పం నుంచి స్వర్ణ రైల్లో బెంగళూరు పోయి వచ్చేవాణ్ని. కేజీఎఫ్ నుంచి పనికి పోయే వేలమందిలాగే. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాక మా ఊరికి ఆ రైలే అన్నం పెట్టింది. ఒకరోజు సాయంత్రం తిరుగు రైల్లో, నాతో కన్నడ బళ్లో చదివిన ఒక స్నేహితుడు ఊరికే గుర్తొచ్చినాడు. రెండేళ్లుగా మాటల్లేవు. ఫోను చేయమని లోపల ఒత్తిడి. సుమ్నే ఎందుకులే అని వదిలేసినా. బంగారపేట దాటాక మళ్లీ అదే. చేసినా. ఉద్యోగం పోయి, అప్పులై, చెరువుగట్టు మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఆ రాత్రి ఏం చేసుకునేవాణ్నో తనకే తెలియదని తర్వాత చెప్పినాడు. స్టేషన్లో దిగి నేరుగా అతని దగ్గరికే పోయినా. అతను క్రైస్తవుడు కాదు, ఇప్పటికీ కాడు. కానీ ఆ రోజు నువ్వెలా చేసినావని ఇప్పటికీ అడుగుతుంటాడు.

నా నాలుగేళ్ల మూత ఆ రోజు కొంచెం తెరుచుకుంది. అయితే పూర్తి లెక్క చెప్పకపోతే నేను కూడా ఆ మొదటి కథనే చెప్పినవాణ్నవుతా. దాని తర్వాత అలా ఎవరైనా గట్టిగా గుర్తొస్తే ఫోను చేయడం అలవాటు చేసుకున్నా. ఎక్కువమంది బాగానే ఉన్నారు. ఒకాయన "ఏమన్నా అప్పు కావాలా?" అని అడిగినాడు. తప్పయితే నష్టం ఏమిటి? రెండు నిమిషాలు, కొంచెం నగుబాటు. అందుకని ఇలాంటి ప్రేరణ వస్తే ఎక్కువ పరీక్షించకుండా చేసేయమంటాను. ఎవరికైనా వంట చేసి పంపాలని, ఆసుపత్రికి పోయి చూడాలని, క్షమాపణ అడగాలని అనిపిస్తే, అది దేవుడే చెప్పినాడా నా మనసే చెప్పిందా అని వారం రోజులు తేల్చుకోవాల్సిన పనిలేదు. రెండూ అయినా మంచిదే.

ఇన్సులిన్ ఆపేయమనడం అలాంటిది కాదు. అది తప్పయితే కాలు పోయేది చిన్నాయనకు, వేదిక మీదున్నాయనకు కాదు. అక్కడ పరీక్ష ఎంత గట్టిగా ఉండాలి? నిజంగా స్వస్థత వచ్చి ఉంటే రక్తపరీక్షలో కనబడుతుంది, డాక్టరే మందు తగ్గిస్తాడు. యేసుప్రభువు కూడా బాగుపడిన కుష్ఠరోగిని యాజకుడికి చూపించుకోమని పంపినాడు. అప్పట్లో తేల్చి చెప్పాల్సినవాడు యాజకుడే కదా. హిజ్కియా రాజుకు స్వస్థత వాగ్దానం చేశాకే యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండుమీద కట్టమన్నాడు. లూకా వైద్యుడు, పౌలుతోనే తిరిగినాడు. ఆ పౌలే త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచిపెట్టి రావాల్సి వచ్చింది, తిమోతి కడుపునొప్పికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. త్రోఫిముకు విశ్వాసం చాలలేదని పౌలు ఎక్కడా రాయలేదు. మందు మింగడం అవిశ్వాసం అన్నవాళ్లు ఈ పేజీలు ఎప్పుడైనా తిప్పినారా?

అద్భుతమూ పరీక్షా కలిసి నడిచిన ఉదాహరణ మన తెలుగు సంఘ చరిత్రలోనే ఉంది. మా ముత్తవ్వ పుట్టిల్లు ఒంగోలు వైపు కాబట్టి ఈ కథ మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నదే. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండెక్కి, ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థన చేసినారు. అప్పటికి ఆ మిషను మూసేయాలా వద్దా అన్న స్థితిలో ఉంది. 1866లో జాన్ క్లౌ ఒంగోలు వచ్చినాడు. 1876-78 కరువులో జనం ఆకలికి చస్తుంటే, ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకున్నాడు. అక్కడ కూలి దొరికినవాళ్లు సువార్త విని బాప్తిస్మం అడిగినారు. వేలమంది అడుగుతుంటే ఏ మిషనరీ అయినా ఇదిగో దేవుని కార్యం అని సంబరపడిపోయేవాడు. క్లౌ ఒప్పుకోలేదు. కూడు కోసం వస్తున్నారో ప్రభువు కోసం వస్తున్నారో తేలాలని, కరువు సాయం నడిచినంతకాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేసినాడు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చినారు. అప్పుడు 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందినారు.

ఆ 2,222 అంకెను మన ప్రసంగాల్లో చాలాసార్లు విన్నాను. దానికి ముందున్న ఏడాది ఆపు గురించి మాత్రం తక్కువ విన్నాను. నాకైతే ఆ ఆపే గొప్పగా అనిపిస్తుంది. దేవుడు చేస్తున్న పనైతే పరీక్షకు నిలబడుతుందన్న ధైర్యం అది. పరీక్షిస్తే పోతుందేమో అని భయపడేవాడికే నిజానికి విశ్వాసం తక్కువ.

అవ్వ పోయాక ఆమె ట్రంకుపెట్టెలో ఒక నోటుబుక్కు దొరికింది. అవ్వకు రాయడం రాదు. ఆమె చెబుతుంటే మా అత్త రాసేది. నాకు తెలుగు అక్షరాలు ఎవరూ నేర్పలేదు, కానీ కన్నడ లిపి వచ్చినవాడికి తెలుగు లిపి సగం వచ్చినట్టే. తలకట్టు, ఒత్తులు కొంచెం తికమక పెట్టినాయి, అంతే. చదివినా. తేదీ, ఎవరికోసం, ఏం అడిగింది. అడిగింది దొరికితే పక్కన సిలువ గుర్తు, దొరక్కపోతే సున్నా. ఇంకా తేలనిదానికి ఏమీ లేదు. సిలువలు చాలా ఉన్నాయి. సున్నాలు అంతకంటే ఎక్కువ. తాత ఊపిరి సంగతి ఆరుసార్లు ఉంది, ఆరింటికీ సున్నాలే. ఏ సున్నానూ చెరపలేదు. చివరి పేజీ దాకా అడగడమూ మానలేదు. నా కన్నడ బళ్లో పదో తరగతి ఫలితం కూడా ఉంది, సిలువతో. నేను చదివిన గంటలు అవ్వ లెక్కలోకి రాలేదు, పోనీలే.

ఇన్నేళ్లు నేను ఆఫీసులో రాసిన ఏ టెస్ట్ రిపోర్టూ అంత నిజాయితీగా లేదు.

అందుకని వచ్చే క్రిస్మస్‌కు మన కుటుంబ ప్రార్థనలో ఒక మార్పు చేద్దామని నా మనవి. గట్టిగా, పేరు పెట్టి అడుగుదాం. అందరినీ దీవించు తండ్రీ అని ఊరికే కాదు, ఫలానా అత్త ఆపరేషను, ఫలానా తమ్ముడి తాగుడు అని. జవాబు వస్తుందని ఎదురుచూద్దాం. వచ్చినవి చెప్పుకుందాం, రానివి కూడా చెప్పుకుందాం, రానివాళ్ల పక్కన పోయి కూర్చుందాం. మందు, డబ్బు, పెళ్లి, ఉద్యోగం మాన్పించే ఏ దర్శనాన్నైనా డాక్టరుకో, పెద్దలకో, వాక్యానికో చూపించాకే ఒప్పుకుందాం. బాగుపడనివాళ్లను విశ్వాసం చాలలేదని ఎవరూ అనకూడదు. ఎవరైనా అంటే, ఎంత పెద్దవాళ్లైనా, ఆ గదిలోనే వద్దని చెబుదాం. చిన్నాయన అప్పుడప్పుడు తన కాలు చూసుకుంటూ ఇంకా ఆ మాటే ఆలోచిస్తాడు. మనం ఆ రోజు అక్కడే ఉండి కూడా నోరెత్తలేదు.

అమ్మాయీ, నువ్వడిగిందానికి జవాబు ఇదీ. నమ్ముతాను. అన్ని సాక్ష్యాల్నీ కాదు. అవ్వను ఆ రాత్రి లేపినవాణ్ని నమ్ముతాను, మిగతా రెండిండ్ల సంగతి నాకూ తెలియదు. నీకు ఇంకా అనుమానం ఉంటే ఈసారి కజ్జికాయ పెట్టి తప్పించుకోను. నోటుబుక్కు తీసుకొస్తా, పక్కన కూర్చుని చదువుదాం. తెలుగు అక్షరాలు నీకూ రావుకదా, నేను నేర్పిస్తా.